విమానానికి లింకు డాక్యుమెంట్లు

కావలిలో ఇరవై అంకణాల ఇంటి స్థలం కొనాలన్నా బయానా ఇచ్చే ముందు ఎవరైనా అడిగేది లింకు డాక్యుమెంట్లే. అమ్మేవాళ్లకు ఆ స్థలం ఎవరి నుంచి వచ్చింది, వాళ్లకు ఎవరి నుంచి వచ్చింది, మధ్యలో భాగపంపకాలు జరిగాయా, తనఖా ఏదైనా ఉందా, సర్వే నంబరు మారిందా అని వెనక్కి వెనక్కి వెళతారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయిస్తారు. ఒక్క లింకు తెగినా లాయరు ఒప్పుకోడు.

పాత యుద్ధవిమానాల చరిత్ర తవ్వేవాళ్లు చేసే పని అచ్చం ఇదే. కాకపోతే భూమి ఉన్నచోటే ఉంటుంది. విమానం దేశాలు మారుతుంది, నంబరు మారుతుంది, రంగు మారుతుంది, రెక్కలూ ఇంజనూ కూడా మారతాయి. యుద్ధం అయిపోయాక దాన్ని తుక్కు కింద రాసేస్తారు. అలా రాసేసిన యంత్రం ముప్పై ఏళ్ల తర్వాత ఏదో షెడ్డులో బయటపడితే, ఇది ఫలానా విమానమే అని ఎలా చెప్పాలి? మధ్య కాలంలో దాని మీద హక్కు ఎవరిది? మొదటి ప్రశ్నకు జవాబు లోహంలో, కట్టెలో, రంగులో దొరుకుతుంది. రెండోదానికి కాగితాల్లో వెతకాలి. రెండు జవాబులూ ఒకదానితో ఒకటి సరిపోయినప్పుడే చరిత్ర నిలబడుతుంది.

తెలుగు నేలతో ముడిపడి, ఇప్పటికీ మిగిలున్న యుద్ధవిమానాల్లో అన్నిటికన్నా వింత ప్రయాణం చేసింది ఎఫ్1010. దాని కథ కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏడాది, 1918. బ్రిటన్‌లోని యోవిల్ పట్టణంలో వెస్ట్‌లాండ్ ఫ్యాక్టరీ డీహెచ్-9ఏ అనే రెండు సీట్ల బాంబర్లను తయారుచేస్తోంది. అంతకు ముందు వచ్చిన డీహెచ్-9 ఇంజను బలహీనమైనది. బాంబులు ఎత్తుకుని పైకి వెళ్లలేక శత్రు ఫైటర్లకు చిక్కేది. అందుకని దానికి అమెరికా వాళ్ల లిబర్టీ ఇంజను పెట్టి, రెక్కలు పెంచి 9ఏ తయారుచేశారు. పన్నెండు సిలిండర్లు, 400 హార్స్ పవర్. కట్టె చట్రం, పైన గుడ్డ. ఈ కొత్త విమానాలతో మొట్టమొదట యుద్ధంలోకి దిగింది రాయల్ ఎయిర్ ఫోర్స్ 110వ స్క్వాడ్రన్. దాని మొదటి విమానాలన్నిటికీ డబ్బు ఇచ్చింది హైదరాబాద్ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ప్రతి విమానం ఒంటి మీదా ఇది నిజాం బహూకరించినది అని రాసి, హైదరాబాద్ పేరుతో ఒక నంబరు వేశారు. దళం పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్ అయింది. తర్వాత దాని చిహ్నంలో నిజాం రాజముద్రలోని పులి కూడా చేరింది.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. యాజమాన్య చరిత్ర రాసేటప్పుడు మొదటి వరసలో తయారీదారు పేరు, రెండో వరసలో దాత పేరు రాస్తారు. ఆ డబ్బు ఖజానాది కావచ్చు, నిజాం సొంత జాగీరైన సర్ఫ్-ఎ-ఖాస్‌ది కావచ్చు. ఎటుచూసినా అది తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతు కట్టిన శిస్తే. ఆ 1918లోనే దేశమంతా వానలు ముఖం చాటేశాయి, ఇన్‌ఫ్లూయెంజా ఊళ్లను ఊడ్చేసింది. ఆ రైతు పేరు ఏ విమానం మీదా లేదు. లింకు డాక్యుమెంట్లలో కనబడని ఆ మొదటి హక్కుదారుణ్ని మనమైనా గుర్తుపెట్టుకోవాలని నా పట్టుదల.

1918 సెప్టెంబరు 1న 110వ స్క్వాడ్రన్ లండన్ దక్షిణాన ఉన్న కెన్లీ నుంచి ఫ్రాన్స్‌లోని బెటన్‌కూర్‌కు ఎగిరింది. పగటిపూట జర్మనీ లోపలికి వెళ్లి బాంబులు వేసి రావడం దాని పని. యుద్ధం ముగియడానికి అప్పటికి పది వారాలే ఉంది. ఆ కొద్ది కాలంలోనే శత్రువు దెబ్బకు 17 విమానాలు పోయాయి. ప్రమాదాల్లో విరిగినవి అంతకంటే ఎక్కువ. అక్టోబరు 5న దాడికి వెళ్లి తిరిగిరాని వాటిలో ఎఫ్1010 ఒకటి. పైలట్ కెప్టెన్ ఇంగ్లిస్, వెనక సీట్లో ఉన్న సెకండ్ లెఫ్టినెంట్ బోడ్లీ ప్రాణాలతో జర్మన్లకు చిక్కారు. విమానం కూడా పెద్దగా చెడకుండానే చిక్కింది.

యుద్ధంలో ఒక ప్రభుత్వ సైన్యం ఆయుధాన్ని ఎదుటి సైన్యం పట్టుకుంటే అది పట్టుకున్న ప్రభుత్వానిదే అవుతుంది. అమ్మకం కాగితం అక్కర్లేదు, పరిహారం అక్కర్లేదు. అంతర్జాతీయ ఆచారం అది. కాబట్టి ఆ రోజుతో ఎఫ్1010 మీద బ్రిటన్ హక్కు పోయింది. హైదరాబాద్ పేరు మాత్రం ఒంటి మీదే ఉండిపోయింది. 1936లో బెర్లిన్‌లో జర్మన్ విమాన సంగ్రహాలయం తెరిచినప్పుడు ఈ విమానం అక్కడ ప్రదర్శనలో నిలబడింది. నిజానికి దాన్ని బతికించింది శత్రువుకు చిక్కడమే. ఇంటికి క్షేమంగా తిరిగి వెళ్లిన డీహెచ్-9ఏలన్నీ ఇరాక్‌లోనో వాయవ్య సరిహద్దులోనో ఎగిరి ఎగిరి అరిగిపోయి, తుక్కయి, పొయ్యిలోకి పోయాయి.

1943 నవంబరులో బ్రిటిష్ బాంబర్లు బెర్లిన్ మీద విరుచుకుపడ్డాయి. సంగ్రహాలయం దెబ్బతింది. మిగిలిన విమానాలను జర్మన్లు విడదీసి తూర్పున చార్న్‌కోవ్ దగ్గరి అడవి ప్రాంతానికి తరలించారు. యుద్ధం అయ్యాక అక్కడ దొరికిన సరుకంతా పోలండ్ చేతికి వచ్చింది. పోజ్నాన్ దగ్గరి గాడ్కి గోదాములో కొన్నాళ్లు, ఇంకోచోట కొన్నాళ్లు పడి ఉండి, చివరికి 1960 దశకం మొదట్లో క్రాకోవ్ పాత ఎయిర్‌ఫీల్డ్‌లో పెట్టిన విమాన మ్యూజియంకు చేరింది. ఆ సరుకులో పోలండ్ సొంత ఫైటర్ పీజెడ్ఎల్ పీ-11సీ కూడా ఉంది. 1939లో జర్మన్లు ఎత్తుకుపోయినది అది. ప్రపంచంలో ఆ రకం మరొకటి మిగల్లేదు. అంటే ఆ గోదాములోనే ఒక విమానం సొంతదారు దగ్గరికి తిరిగొచ్చింది, ఇంకొకటి మూడో చేతిలోకి పోయింది. 1918లో జర్మనీ పట్టుకున్నది 1945లో పోలండ్‌ది ఎలా అయిందన్న చర్చ రెండు దేశాల మధ్య ఆ సేకరణ మొత్తం గురించీ దశాబ్దాలు నడిచింది.

అప్పటికి బ్రిటన్ రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో డీహెచ్-9ఏ ఒక్కటీ లేదు. క్రాకోవ్ మ్యూజియంలో స్పిట్‌ఫైర్ లేదు. పోలిష్ పైలట్లు బ్రిటన్ తరఫున ప్రాణాలొడ్డి నడిపిన ఫైటర్ అది. 1977లో రెండు మ్యూజియంలూ వస్తుమార్పిడి చేసుకున్నాయి. అవతల కమ్యూనిస్టు పోలండ్, ఇవతల నాటో దేశం. మధ్యలో డబ్బు మాట లేకుండా విమానానికి విమానం. యాభై తొమ్మిదేళ్ల తర్వాత ఎఫ్1010 బ్రిటన్‌కు తిరిగి వెళ్లింది. ఇప్పుడు లండన్‌లో హెండన్ మ్యూజియంలో ఉంది. లండన్ వెళ్లే తెలుగువాళ్లు చాలామంది కోహినూర్ గురించి మాట్లాడుకుంటారే తప్ప, హైదరాబాద్ శిస్తు డబ్బుతో కట్టిన ఈ విమానం దాకా నడవరు. నడవాలి.

దీనికి బదులుగా క్రాకోవ్ వెళ్లిన స్పిట్‌ఫైర్ సంగతి చూద్దాం. చరిత్ర తవ్వేవాళ్లు తడబడే చోటు అక్కడ ఉంది. దాని అసలు నంబరు ఎస్ఎం411. 1944లో క్యాజిల్ బ్రామ్‌విచ్ ఫ్యాక్టరీలో కట్టిన పదహారో మార్కు, అంటే పదహారో రకం, స్పిట్‌ఫైర్ అది. ఇంజను రోల్స్ రాయిస్ మెర్లిన్ డిజైనే అయినా కట్టింది అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ. యుద్ధంలో దాన్ని నడిపింది కెనడా వాళ్ల 421వ స్క్వాడ్రన్. కానీ క్రాకోవ్‌లో దాని ఒంటి మీద కనిపించే నంబరు టీబీ995. అక్షరాలు జెడ్ఎఫ్-ఓ. ఆ అక్షరాలు క్రాకోవ్ నగరం పేరే పెట్టుకున్న 308వ పోలిష్ స్క్వాడ్రన్‌వి. తమవాళ్ల జ్ఞాపకానికి మ్యూజియం ఆ రంగు వేసుకుంది. తప్పేం లేదు. పెద్ద విమాన ప్రదర్శనలన్నిటిలో ఇది మామూలే. కానీ ఒంటి మీద రాత చూసి చరిత్ర రాసేవాళ్లు అక్కడ బోల్తా పడతారు. పైన రాసిన నంబరు సాక్ష్యం కాదు. లోపల కొట్టిన నంబరే సాక్ష్యం.

ఆ లోపలి నంబర్ల గురించి కొంచెం తెలుసుకోవాలి.

స్పిట్‌ఫైర్‌లో కాక్‌పిట్‌కు ముందు, ఇంజను వెనక, ఒక మందపాటి అడ్డగోడ ఉంటుంది. దాన్ని ఐదో ఫ్రేము అంటారు. ఆ చుట్టుపక్కల చిన్న లోహపు పలక మీద ఫ్యాక్టరీ వరస సంఖ్య చెక్కి ఉంటుంది. క్యాజిల్ బ్రామ్‌విచ్‌లో కట్టినవైతే ఆ సంఖ్య ముందు ఆ ఫ్యాక్టరీ పొడి అక్షరాలుంటాయి. వాయుసేన ఇచ్చే సీరియల్ నంబరు వేరు, ఈ ఫ్యాక్టరీ సంఖ్య వేరు. ఇవి కాక లోపలి విడిభాగాల మీద డ్రాయింగు నంబర్లు కొడతారు. 300తో మొదలైతే అది తొలి స్పిట్‌ఫైర్ డిజైను నాటి భాగం. 361 అయితే తొమ్మిదో మార్కుది, 379 అయితే పద్నాలుగో మార్కుది. తర్వాతి మార్కుల్లోనూ మార్చనక్కర్లేని చోట పాత డిజైను భాగాలే వాడారు కాబట్టి ఒకే విమానంలో మూడు నాలుగు రకాల నంబర్లు కలిసి ఉండటం సహజం. కానీ తొలి స్పిట్‌ఫైర్ అని అమ్మకానికి పెట్టినదాని నిండా 379లు కనిపిస్తే, ఎవరో తుక్కు కలిపి కట్టారని అర్థం.

కాగితం వైపు ముఖ్యమైనది ఏఎం ఫారం 78. ప్రతి విమానానికీ ఒక అట్ట. ఏ తేదీన ఏ గోదాముకు, ఏ స్క్వాడ్రన్‌కు, ఏ మరమ్మతు యూనిట్‌కు వెళ్లిందో పొడి అక్షరాల్లో రాసి ఉంటుంది. స్క్వాడ్రన్ దినచర్య పుస్తకాలు లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఏ రోజు ఏ పైలట్ ఏ నంబరు విమానం నడిపాడో వాటిలో దొరుకుతుంది. అట్ట ఒకటి చెప్పి, దినచర్య ఇంకొకటి చెబితే, దినచర్యకే ఎక్కువ విలువ ఇవ్వాలని నేను అనుకుంటాను. అది ఆ రోజు, ఆ ఎయిర్‌ఫీల్డ్‌లో రాసింది. అట్ట దూరంగా ఆఫీసులో నింపింది.

ఈ పద్ధతిలో రుజువైన మరో విమానం మన హైదరాబాద్‌తో ఇంకా దగ్గరి చుట్టరికం ఉన్నది. ఇది అసలు సిసలు ఫైటర్. రెండో ప్రపంచ యుద్ధంలో రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో 110 కాక మరో రెండు దళాలకు హైదరాబాద్ పేరు ఉంది. స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగానే పెట్టారు. హరికేన్లు నడిపిన 253వ స్క్వాడ్రన్‌ను హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్ అన్నారు. 1940 ఆగస్టు 30న, బ్రిటన్ గగనయుద్ధం ముదిరిన రోజుల్లో, 253 కెన్లీ నుంచి ఎగిరింది. ఇరవై రెండేళ్ల కిందట ఎఫ్1010 దళం ఫ్రాన్స్‌కు బయల్దేరిన కెన్లీయే. ఆ రోజు పీ3717 అనే హరికేన్‌లో ఉన్నది సామోలిన్‌స్కీ అనే పోలిష్ పైలట్. ఒక జర్మన్ మెసర్‌ష్మిట్-110ను కూల్చాడు. నెల తిరక్కుండా సెప్టెంబరు 26న తనే యుద్ధంలో పోయాడు.

ఆయన నడిపిన విమానం మిగిలింది. ఎలా మిగిలిందో తెలియాలంటే దానికి రెండో పేరు ఉందని తెలియాలి. 1941లో పాత మార్కు-1 హరికేన్లు కొన్నిటికి కొత్త మెర్లిన్-20 ఇంజను పెట్టి మార్కు-2గా మార్చారు. మార్చినప్పుడు సీరియల్ నంబరు కూడా మార్చారు. పీ3717 అలా డీఆర్348 అయింది. పాత నంబరు వెంటే వెళ్లేవాళ్లకు 1941లో దారి మూసుకుపోతుంది. కొత్త నంబరు చూసేవాళ్లకు ఆ ఏడాదే పుట్టిన విమానంలా కనిపిస్తుంది. రెండూ ఒకటేనని చెప్పేది మార్పిడి రికార్డు ఒక్కటే. సర్వే నంబరు సబ్‌డివిజన్ అయినప్పుడు పాత అడంగల్ చూడకపోతే జరిగే గందరగోళమే ఇక్కడా జరుగుతుంది.

డీఆర్348ను సోవియట్ యూనియన్‌కు పంపారు. యుద్ధంలో బ్రిటన్ వాళ్లకు ఇచ్చిన హరికేన్లు దాదాపు 3 వేలు. సోవియట్ యూనియన్ కూలిపోయిన రోజుల్లో, 1990 దశకం మొదట్లో, దాని శకలాలు రష్యా నుంచి బ్రిటన్‌కు తిరిగొచ్చాయి. చేతులు మారుతూ, పనివాళ్లు మారుతూ, మళ్లీ గాలిలోకి లేచింది 2017లో. ఇంతకాలం ఎందుకు పట్టిందంటే హరికేన్ ఒళ్లు స్పిట్‌ఫైర్‌లా రేకుల పెట్టె కాదు. ఉక్కు గొట్టాల చట్రం. గొట్టాల చివర్లను చతురస్రంగా నొక్కి, పలకలు పెట్టి, బోల్టులతో బిగిస్తారు. వెల్డింగ్ ఉండదు. అలా నొక్కే యంత్రాలే లోకంలో లేకుండా పోయాయి. మళ్లీ చేసుకోవాల్సి వచ్చింది. ఈ కష్టంలోనే ఒక ప్రశ్న ఉంది. ఇప్పుడు ఎగురుతున్నదానిలో సామోలిన్‌స్కీ కూర్చున్న లోహం ఎంత? తక్కువే. విమానాల ప్రపంచం దీనికి చేసుకున్న సర్దుబాటు ఏమిటంటే, గుర్తింపు తెగకుండా అసలు చట్రంతో, కాగితాలతో వరసగా రావాలి, ఎగరడానికి పనికిరాని భాగాలు ఎన్నయినా మార్చుకోవచ్చు. నా మటుకు నాకు ఇది సమ్మతమే, ఒక్క షరతు మీద. ఏది పాతదో ఏది కొత్తదో రాసిపెట్టాలి. తీసేసిన పాత ముక్కను పారేయకూడదు.

మనం నెల్లూరు జిల్లావాళ్లం కాబట్టి మద్రాసు ప్రెసిడెన్సీ సంగతి కూడా చెప్పుకోవాలి. కావలి అప్పుడు అందులోనే ఉంది. 79, 234, 264వ స్క్వాడ్రన్లు మూడిటికీ మద్రాస్ ప్రెసిడెన్సీ అన్న పేరుంది. వాటిలో 79వది 1942లో మన దేశానికి వచ్చి బర్మా యుద్ధంలో హరికేన్లు, తర్వాత థండర్‌బోల్టులు నడిపింది. 264వది డిఫియంట్ అనే వింత ఫైటర్‌ను మొట్టమొదట యుద్ధంలోకి తెచ్చింది. దానికి ముందుకు కాల్చే తుపాకులు లేవు. పైలట్ వెనక తిరిగే గుండ్రని టరెట్‌లో నాలుగుంటాయి. ఆ డిఫియంట్లలో పూర్తి రూపంలో మిగిలింది ఒక్కటే, ఎన్1671. అదీ రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలోనే ఉంది. ఇది మన మద్రాసు దళానిదేనని అనాలని ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ దాని రికార్డులో ఉన్నది 307వ పోలిష్ స్క్వాడ్రన్. రికార్డు అలా చెప్పాక మన ఇష్టం చెల్లదు.

ఇక యుద్ధం తర్వాత మన దేశంలో మిగిలినవి. ఇక్కడ కాగితం బాగా పలచబడిపోతుంది.

బర్మా యుద్ధం కోసం వచ్చిన స్పిట్‌ఫైర్లు, ఆ తర్వాత వచ్చిన టెంపెస్టు ఫైటర్లు 1947 నాటికి దేశమంతా గోదాముల్లో ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చేసరికి చాలావాటిని బ్రిటన్ ఇక్కడి వాయుసేనకే అప్పగించింది. ఆ సంవత్సరాంతంలో ఫారం 78 అట్టలు గుంపుగా మూసేశారు. చాలా అట్టల్లో చివరి తేదీ 1947 డిసెంబరు 31. నిజంగా ఆ రోజే చేతులు మారాయని కాదు. గుమాస్తా లెక్క ముగించిన రోజు అది. ఆ తర్వాత భారత వాయుసేన స్పిట్‌ఫైర్లకు హెచ్ఎస్, టెంపెస్టులకు హెచ్ఏ అక్షరాలతో కొత్త నంబర్లు ఇచ్చింది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ మీద పోలీసు చర్య జరిగినప్పుడు వాయుసేన వాడినవి టెంపెస్టులే. విమానాలు బహూకరించిన నిజాం ఎయిర్‌ఫీల్డ్‌ల మీదికే అవి వచ్చాయి. ఆ తరం టెంపెస్టు ఒకటి ఇప్పుడు లండన్ మ్యూజియంలో పీఆర్536 పేరుతో ఉంది. మన వాయుసేనలో దాని నంబరు హెచ్ఏ457. ఒకే విమానం రెండు దేశాల పుస్తకాల్లో రెండు పేర్లతో ఉంటుంది. రెండూ కలిపి చూసేదాకా అది రెండు విమానాలే.

అన్నిటికీ ఇంత స్పష్టమైన జత దొరకదు. హకీంపేటలో, అంబాలాలో, ఇంకా చాలాచోట్ల శిక్షణలో అరిగిన విమానాలను 1950 దశకంలో తీసేశారు. జెట్లు వచ్చేశాయి. అల్యూమినియం ధర పలుకుతుంది కాబట్టి తుక్కు వ్యాపారులు కొనుక్కుని కరిగించేశారు. మిగిలినవి ఎక్కడ మిగిలాయో చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఎక్కువ భాగం శిక్షణ కేంద్రాల్లో మిగిలాయి. బెంగళూరు జాలహళ్లి టెక్నికల్ కాలేజీలో మెకానిక్ కుర్రాళ్లకు చూపించడానికి పెట్టిన విమానాలకు టీ అక్షరంతో మూడో నంబరు కూడా వచ్చింది. అవి ఎగరవు, పడిపోవు, వానలో తడవవు. ఎంవీ293 అనే పద్నాలుగో మార్కు స్పిట్‌ఫైర్ అలా బతికింది.

1977లో పాత యుద్ధవిమానాలు సేకరించే ఓర్మండ్ హేడన్-బెయిలీ, ఆయన సోదరుడు భారత ప్రభుత్వం దగ్గర ఎనిమిది స్పిట్‌ఫైర్లు కొని బ్రిటన్‌కు తరలించే పని పెట్టుకున్నారు. ఓర్మండ్ అదే ఏడాది జూలైలో జర్మనీలో ముస్టాంగ్ విమానం నడుపుతూ కూలిపోయి చనిపోయాడు. సోదరుడు పని పూర్తిచేశాడు. అక్కడి నుంచి ఒక్కో విమానం ఒక్కో దారి పట్టింది. ఇటలీకి, అమెరికాకు, ఫ్రాన్స్‌కు. ఎంవీ293 డక్స్‌ఫర్డ్ చేరి 1992లో మళ్లీ ఎగిరింది. ఇప్పుడు దాని మీద ఎంవీ268 అని రాసి ఉంటుంది, జానీ జాన్సన్ అనే ప్రసిద్ధ పైలట్ విమానం నంబరది. క్రాకోవ్‌లో జరిగిందే ఇక్కడా. జాలహళ్లి సంగతి దాని రంగులో ఎక్కడా లేదు.

కానీ పాత రంగు చెప్పగలదు. మరమ్మతుకు ముందు రంగును పొరలు పొరలుగా రుద్దితే యజమానుల వరస బయటపడుతుంది. అడుగున యుద్ధకాలపు పచ్చ, గోధుమ మచ్చలు. వాటి మీద ఆగ్నేయాసియా దళాల గుండ్రని గుర్తు. జపాన్ వాళ్ల ఎర్రటి సూర్యుడితో పొరబడకుండా ఉండటానికి ఆ గుర్తులో ఎరుపు తీసేసి నీలం మాత్రమే ఉంచారు. దాని మీద అశోక చక్రం కనిపిస్తే అది 1947 తర్వాత, 1950కి ముందు వేసినది. ఆ మీద కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు వస్తే గణతంత్రం వచ్చాక వేసినవి. అట్ట లేని చోట ఈ పొరలే ఈసీ. అందుకే పాత విమానాన్ని ఇసుక కొట్టి ఒక్కసారిగా రంగు గీకేయడం చూస్తే నాకు కడుపు మండుతుంది. దాని డాక్యుమెంట్లు కాల్చేసినట్టే.

లోహం మన్నిక కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. ఈ స్పిట్‌ఫైర్ల చర్మం డ్యూరాల్యుమిన్. అల్యూమినియంలో నూటికి నాలుగు పాళ్లు రాగి, కొద్దిగా మెగ్నీషియం, మాంగనీసు. వేడిచేసి చల్లార్చి పక్కన పెడితే రోజులు గడిచేకొద్దీ అదే గట్టిపడుతుందని జర్మన్ లోహ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ విల్మ్ 1906లో కనిపెట్టాడు. అయితే ఏ రాగి దానికి బలం ఇచ్చిందో ఆ రాగే తుప్పుకు దారి చూపిస్తుంది. రాగి ఎక్కువున్న రేణువులకూ చుట్టూ ఉన్న అల్యూమినియానికీ మధ్య ఉప్పు తేమ చేరిందంటే అతి చిన్న బ్యాటరీల లాగా పనిచేసి లోహం రేణువుల అంచుల వెంట లోపలికి తినేస్తుంది. పైకి రంగు బాగానే ఉంటుంది. వేలితో నొక్కితే పొరలు పొరలుగా ఊడుతుంది. మెగ్నీషియం కలిసిన రివెట్లు అంతకంటే ముందే పోతాయి. తుమ్మలపెంట ఒడ్డున ఇంటి కిటికీ ఊచలు ఎన్నేళ్లుంటాయో కావలివాళ్లకు తెలుసు. ఈ తీరం మీద ఆరుబయట వదిలేసిన స్పిట్‌ఫైర్ యాభై ఏళ్లు నిలవదు. జైపూర్‌లో నిలిచింది. బికనేర్‌లో అయితే అంతకంటే పాతవి, కట్టెవి, నిలిచాయి.

బికనేర్ కథ ఇంకా కొత్తది. మొదటి యుద్ధం అయ్యాక బ్రిటన్ దగ్గర వేల విమానాలు మిగిలిపోయాయి. వలస రాజ్యాలకు ఉచితంగా పంచింది. భారత్ వాటా 100. వాటిలో కొన్ని డీహెచ్-9లు, అంటే ఎఫ్1010కు అన్న వరస విమానాలు, బికనేర్ మహారాజు గంగాసింగ్‌కు చేరాయి. జునాగఢ్ కోటలో ఏనుగుల శాలలో వాటి ఎముకలు ఎనభై ఏళ్లు పడి ఉన్నాయి. చెదలు కొంత తిన్నాయి. ఎడారి పొడిగాలి మిగిలినదాన్ని కాపాడింది. 2000 ప్రాంతంలో బ్రిటన్ మరమ్మతుదారు గై బ్లాక్ వాటిలో రెండిటి భాగాలు కొని తీసుకెళ్లాడు. డీ5649 ఇప్పుడు డక్స్‌ఫర్డ్‌లో ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది. ఈ8894 2019 మే నెలలో ఎగిరింది. బికనేర్ కోటలో సందర్శకులకు ఒకటి మిగిలింది.

వీటి హక్కు సక్రమమే. ఇచ్చినవాడు ఇచ్చాడు, పుచ్చుకున్న వైపువాళ్లు అమ్మారు, కొన్నవాడు కాగితాలతో తీసుకెళ్లాడు. అయినా ఒక లెక్క చూడాలి. మన దేశంలో 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన చారిత్రక వస్తువు పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. 2000లో ఆ డీహెచ్-9లకు 82 ఏళ్లు. ఇవాళ అదే విమానం బయటపడితే దేశం దాటించడానికి వీల్లేదు. 1977లో కొన్న స్పిట్‌ఫైర్లకు అప్పటికి ముప్పై ఏళ్లు దాటాయంతే. 1944లో కట్టిన ఫైటర్ ఏదైనా ఇప్పటికీ ఈ దేశంలో ఎక్కడో కాలేజీ వర్క్‌షాపులో, మూసేసిన హ్యాంగరు మూలన, తుక్కు కొట్టు వెనక ఉంటే దానికి ఆ రక్షణ 2044 దాకా రాదు. ఆ మధ్య కాలంలో ఎవరి కంట పడినా చేయాల్సిన పని చిన్నది. కాక్‌పిట్ ముందు అడ్డగోడ మీది పలక, లోపలి రేకుల మీది డ్రాయింగు నంబర్లు, తోక దగ్గర పెచ్చులూడిన రంగు పొరలు ఫోటో తీసి, తేదీ వేసి, పాలంలోని వాయుసేన మ్యూజియంకు పంపాలి. రంగు వేయించడం ఆ తర్వాత చూసుకోవచ్చు.